లెక్కలోకి రాని పిల్లలు: హోం మంత్రిగారికి భోగాపురం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి, విజయనగరం జిల్లా ఇన్‌చార్జి మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారి సముఖానికి,

పదహారేళ్ళు నిండని పిల్లలకు సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదని ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది. అలాంటిది ఆంధ్రప్రదేశ్‌కూ అవసరమేమోనన్న ఆలోచన రాష్ట్ర మంత్రుల మాటల్లోనే వినిపిస్తున్నది. ఆ ఆలోచనను తోసిపుచ్చాలన్నది ఈ లేఖ ఉద్దేశం కాదు. పిల్లవాడు రోజుకు ఎన్ని గంటలు రీల్స్ చూస్తున్నాడు, దానివల్ల చదువు ఎంత పాడవుతున్నది అన్నవి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, వైద్యులు కలిసి తేల్చుకోవలసిన ప్రశ్నలు, వాటికి అందరూ ఒప్పుకునే జవాబు దొరకకపోవచ్చు. ఈ లేఖ ఎత్తుతున్న విషయంలో మాత్రం రెండో అభిప్రాయానికి చోటు లేదు. పిల్లల నగ్నచిత్రాలు, పిల్లలపై జరిగిన లైంగిక హింసను చిత్రించిన వీడియోలు, వాటిని బయట పెడతామని బెదిరించి ఆ పిల్లల నుంచే మరిన్ని చిత్రాలో డబ్బో గుంజుకునే ముఠాలు - వీటిని నిషేధించడానికి కొత్త చట్టం అక్కర లేదు, ఎప్పటినుంచో ఉన్నవే సరిపోతాయి. ఆ చట్టాలు ఢిల్లీలో వెలువడే రాజపత్రం నుంచి భోగాపురం పోలీసు స్టేషను బల్ల మీదికి వచ్చే దారి మాత్రం ఇంకా పడలేదు. దారి వేయడం రాష్ట్ర హోం శాఖ చేతిలోని పని గనుక ఈ విజ్ఞప్తి రాష్ట్ర మంత్రికి, అందులోనూ రాజకీయాల్లోకి రాకముందు బడిలో పాఠాలు చెప్పిన మంత్రికి చేరవలసి ఉంది.

ఉన్న చట్టాల్లో మొదటిది 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం, వాడుకలో ఐటీ చట్టం. 2008లో దాన్ని సవరించినప్పుడు 67బి సెక్షను చేరింది. పద్దెనిమిదేళ్ళ లోపు వారిని లైంగిక చర్యల్లో చూపే దృశ్యాలను ప్రచురించడం, పంపడంతో పాటు వాటి కోసం వెతకడం, దించుకోవడం, చేతులు మార్చడం కూడా ఈ సెక్షను కింద నేరమే. తొలిసారి రుజువైతే ఐదేళ్ళ వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. రెండవది 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే చట్టం. నేరం సంగతి తెలిసినవారు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని దీని 19వ సెక్షను అంటుంది, చెప్పకపోతే అది కూడా నేరమని 21వ సెక్షను అంటుంది. చూసీ చూడనట్లు వదిలేసే హక్కు ఈ ఒక్క విషయంలో పౌరుడికి లేదు, కంపెనీకీ లేదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఫోనులో ఉంచుకొని ఒంటరిగా చూసినంత మాత్రాన నేరం కాదన్న వాదన చాలాకాలం నడిచింది. 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ వాదనతో ఏకీభవించి ఒక కేసును కొట్టివేసింది. అదే ఏడాది సెప్టెంబరు 23న ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్, న్యాయమూర్తి జె.బి.పార్దీవాలా కూర్చున్న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తీర్పును తోసివేసి, మూడు సంగతులు తేల్చింది. ఇలాంటి వాటిని తొలగించకుండా, ఎవరికీ తెలియజేయకుండా ఉంచుకోవడం కూడా శిక్షార్హమే. ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అన్న మాటను న్యాయస్థానాలు ఇకపై వాడకూడదు. ఎందుకంటే ఆ పేరు వింటే ఏదో ఇష్టపడి తీసుకున్న బూతుబొమ్మ అనిపిస్తుంది గాని, ఒక బిడ్డపై జరిగిన నేరానికి అది సాక్ష్యమని తోచదు. కనుక దాన్ని బాలల లైంగిక దోపిడీ, హింసల సామగ్రి అనాలి. మూడవది కంపెనీలకు సంబంధించినది, ఈ లేఖకు ఆయువుపట్టు అదే గనుక దాని దగ్గరికి కాస్త నెమ్మదిగా రావాలి.

లేఖలు రాస్తే ఏమవుతుందన్న నిరాశ ఎవరికైనా ఉంటే, ఈ దేశంలో ఈ విషయమై జరిగిన పనిలో చాలా భాగం తెలుగు నేల మీద రాసిన ఒక లేఖతోనే మొదలైందని గుర్తు చేసుకోవచ్చు. మనుషుల అక్రమ రవాణాకు బలైన స్త్రీలను, పిల్లలను కాపాడడానికి 1996లో హైదరాబాదులో మొదలైన ప్రజ్వల సంస్థ తరఫున సునీతా కృష్ణన్ 2015 ఫిబ్రవరి 18న అప్పటి ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్.దత్తుకు ఒక ఉత్తరం రాశారు. వాట్సాప్‌లో చేతులు మారుతున్న అత్యాచారాల వీడియోలను ఒక పెన్ డ్రైవులో పెట్టి దానికి జత చేశారు. ఆ దృశ్యాల్లో దాచుకోవలసిన ముఖాలను నేరస్థులు దాచుకోలేదు, ఎవరూ పట్టుకోరన్న ధీమా అది. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా భావించి సుమోటోగా, అంటే ఎవరూ దావా వేయకుండానే తనంత తానుగా, విచారణకు తీసుకుంది. దర్యాప్తు సీబీఐకి వెళ్ళింది. 2017 మార్చిలో న్యాయమూర్తులు మదన్ లోకూర్, యు.యు.లలిత్ ఒక సంఘాన్ని నియమించి గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, యాహూ, వాట్సాప్ ప్రతినిధులను ప్రభుత్వాధికారులతో పాటు ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. సంఘం సిఫారసులపై ఏం చేశారో చెప్పమని అడిగితే కొన్ని కంపెనీలు సమాధానమే దాఖలు చేయలేదు. 2018 మేలో న్యాయస్థానం వాటికి తలా లక్ష రూపాయలు జరిమానా వేసింది. ఆ కంపెనీల నిమిషపు రాబడి ముందు ఆ మొత్తం ఎంతో లెక్క వేయడానికి పెద్ద గణితం అక్కర లేదు.

ఆ విచారణ ఫలంగానే 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోం శాఖ జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్‌ను తెరిచింది. మొదట అది పిల్లలపై లైంగిక హింస దృశ్యాలకు, అత్యాచార దృశ్యాలకు మాత్రమే పరిమితం. ఫిర్యాదు చేసేవారు పేరు చెప్పకపోయినా తీసుకోవాలన్నది దాని ప్రత్యేకత. 2019 ఆగస్టు 30న దాన్ని అన్ని రకాల సైబర్ నేరాలకూ విస్తరించారు. తర్వాత 1930 నంబరు వచ్చింది, బ్యాంకు మోసాలు వెల్లువెత్తాయి, ఈ రోజు ఊళ్ళలో ఎవరినడిగినా ఆ పోర్టల్ డబ్బు పోయినప్పుడు తలుపు తట్టే చోటు. పుట్టింది ఒకందుకు, పేరు తెచ్చుకున్నది మరొకందుకు. పోయిన డబ్బును ఖాతాల్లో నిలిపివేయడానికి తొలి గంటే కీలకమని పోలీసులు ఊరూరా చెబుతున్నారు, అది నిజమే. పాప చిత్రం పాకిపోవడానికి కూడా తొలి గంటే కీలకమన్న మాట మాత్రం ఏ గోడ మీదా కనబడదు. పోయిన డబ్బు ఏదో ఒకనాటికి తిరిగి రావచ్చు.

కంపెనీల బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఐటీ చట్టం 79వ సెక్షను చూడాలి. ఇతరులు పెట్టిన సరుకును మోసే సంస్థను చట్టం మధ్యవర్తి అంటుంది. టపా మనిషి ఉత్తరంలోని మాటలకు ఎలా బాధ్యుడు కాడో అలాగే మధ్యవర్తి కూడా వాడుకరులు పెట్టిన దానికి శిక్ష అనుభవించనక్కర లేదని ఆ సెక్షను అభయమిస్తుంది. న్యాయ పరిభాషలో దీన్ని సేఫ్ హార్బర్ అంటారు, గాలివాన వేళ పడవకు దొరికే రేవు అని అర్థం. ఇసుక మీదికి పడవలు లాగుకునే భోగాపురం తీరానికి రేవు విలువ వేరే చెప్పనక్కర లేదు. అయితే ఏ రేవులోనైనా ఆశ్రయానికి షరతులుంటాయి, అడిగినప్పుడు పడవలో ఏముందో చూపించాలి. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నియమాలు ఆ షరతులను వివరించాయి. దేశంలో 50 లక్షలకు మించి నమోదిత వాడుకరులున్న మాధ్యమం ఇక్కడే నివసించే ఫిర్యాదుల అధికారిని, నియమపాలన అధికారిని, పోలీసులకు ఎల్లవేళలా దొరికే మరొకరిని నియమించాలి, నెలనెలా నివేదిక ప్రచురించాలి. ఆ నియమాల్లో 3(2)(బి) అన్న చిన్న నిబంధన ఒకటుంది. నగ్నత్వాన్ని, లైంగిక చర్యను చూపే చిత్రం గానీ, ఒకరి ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించిన మార్ఫింగ్ చిత్రం గానీ కనిపిస్తే బాధితురాలో, ఆమె తరఫున మరొకరో కంపెనీకి నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. నియమం వచ్చినప్పుడు తొలగించడానికి పెట్టిన గడువు 24 గంటలు. దీనికి పోలీసు ఉత్తర్వు అక్కర లేదు, న్యాయస్థానం ఆదేశం అక్కర లేదు. తల్లి రాసినా చాలు, పంతులమ్మ రాసినా చాలు. ఈ నిబంధన గురించి విన్న పంతులమ్మలు జిల్లాలో ఎందరున్నారన్నది హోం శాఖ, విద్యా శాఖ కలిసి వేసుకోవలసిన ప్రశ్న.

ఇప్పుడు సుప్రీంకోర్టు చెప్పిన మూడో సంగతి. మాధ్యమాలు తమ దగ్గరికి వచ్చే చిత్రాలను యంత్రంతో పరీక్షిస్తాయి. ఇంతకుముందే దొరికిన ప్రతి నేర చిత్రానికీ హ్యాష్ అనే ఒక సంఖ్య ఉంటుంది, అది చిత్రానికి వేలిముద్ర లాంటిది. 2009లో మైక్రోసాఫ్ట్ తయారు చేయించిన ఫోటోడీఎన్ఏ ఈ పద్ధతిలోనే పని చేస్తుంది. వేలిముద్ర కలిస్తే కంపెనీ ఆ సంగతిని అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన బాలల జాతీయ కేంద్రానికి పంపుతుంది, అలా పంపాలని అమెరికా చట్టం శాసించింది గనుక. 2019 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కేంద్రం భారతదేశానికి సంబంధించిన సమాచారాన్ని ఢిల్లీలోని జాతీయ నేర గణాంకాల సంస్థకు అందిస్తుంది, అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లా ఎస్పీ కార్యాలయానికి, అక్కడి నుంచి స్టేషనుకు కాగితం దిగుతుంది. 2022లో ఆ కేంద్రానికి ప్రపంచమంతటి నుంచి 3 కోట్ల 20 లక్షల నివేదికలు అందితే అందులో 56 లక్షలకు పైగా భారతదేశం పేరు మీదే ఉన్నాయి, ఏ దేశానికీ అన్ని లేవు. ఒకే చిత్రం వేల సార్లు తిరగడం వల్ల, దేశంలో వాడుకరులు ఎక్కువ కావడం వల్ల అంకె పెరిగిందని అనవచ్చు. సగానికి సగం కొట్టేసినా మిగిలేది చిన్నది కాదు. 2024 తీర్పు అన్నదేమిటంటే, అమెరికా కేంద్రానికి చెప్పాం గనుక మా పని అయిపోయిందని కంపెనీ అనరాదు. పోక్సో చట్టం కోరినట్లు ఇక్కడి పోలీసులకు కూడా తెలియజేస్తేనే 79వ సెక్షను రేవులో దానికి చోటు.

భోగాపురం నుంచి జాతీయ రహదారి మీద తగరపువలస దాటి దక్షిణంగా వెళితే ఆనందపురం మండలం వస్తుంది. ఆ మండలంలోని తర్లువాడ, 2025 అక్టోబరు 14న గూగుల్ 15 వందల కోట్ల డాలర్ల పెట్టుబడితో ప్రకటించిన డేటా సెంటర్ స్థలాల్లో ఒకటి. సముద్రగర్భపు తీగలు విశాఖ తీరానికే చేరతాయని ఆ ప్రకటనలో ఉంది. యంత్రాలు ఎక్కడ ఉన్నాయన్న దాన్ని బట్టి చట్టం మారదన్నది నిజం. అయినా భూమి, నీరు, కరెంటు ఇచ్చి పిలుచుకున్న రాష్ట్రానికి అడిగే బలం కొంత పెరుగుతుంది. పెట్టుబడుల ఒప్పందాల బల్ల మీద పిల్లల భద్రత మాట ఒక్కసారైనా వస్తే బాగుండునని విమానాశ్రయానికి 2,200 ఎకరాలు అప్పగించిన భోగాపురం మండలం ఆశించడం అత్యాశ అనిపించుకోదు.

కాగితం స్టేషనుకు దిగిన తర్వాత ఏమవుతుందన్నది అసలు కథ. ఐటీ చట్టం 78వ సెక్షను ప్రకారం ఆ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. మండల స్టేషనులో జనానికి దొరికేది ఎస్సై. సీఐ గారికి సర్కిల్ మొత్తం బాధ్యత, బందోబస్తులు, రహదారి ప్రమాదాలు. దీనికి తోడు 2025 నవంబరు 15 నుంచి అమలైన ఐటీ నియమాల సవరణ ప్రకారం, ఒక పోస్టు చట్టవిరుద్ధమని పోలీసు తరఫున మాధ్యమానికి తెలియజేసి తీయించాలంటే ప్రత్యేకంగా అధికారం పొందిన డీఐజీ స్థాయి అధికారి సంతకం కావాలి, అంటే భోగాపురం కాగితం విజయనగరం మీదుగా విశాఖపట్నం చేరాలి. ఈ సవరణను తప్పు పట్టడానికి లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో, తెలుగువాడైన జాస్తి చెలమేశ్వర్ సభ్యుడిగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆన్‌లైన్‌లో అన్న మాటలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షనును కొట్టివేసింది, సరైన ఉత్తర్వు లేనిదే మాధ్యమం దేన్నీ తొలగించనక్కర లేదని చెప్పింది. మాట్లాడే స్వేచ్ఛను కింది స్థాయి పోలీసు చేతిలో పెట్టకూడదన్న ఆ జాగ్రత్త అవసరమైనదే. ఈ రాష్ట్రంలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా నాయకులను విమర్శించిన పోస్టులపై కేసు కట్టడంలో కనబడే చురుకుదనం చూసినవారికి ఆ జాగ్రత్త విలువ తెలుసు. రాత్రికి రాత్రి ఫోను నంబరు పట్టి మనిషిని పక్క జిల్లాలో అదుపులోకి తీసుకోగలిగిన యంత్రాంగానికి, ఒక పాప చిత్రాన్ని పంచిన వాడి ఆచూకీ తీయడం చేతకాదంటే నమ్మడం కష్టం.

ఫిర్యాదులు అసలు ఎందుకు రావన్నది కూడా చూడాలి. ఉత్తరాంధ్ర తీరగ్రామాల నుంచి మగవాళ్ళు గుజరాత్‌లోని వీరావల్ దాకా వేటకు వలస పోతారు, మెట్ట ఊళ్ళ నుంచి హైదరాబాదు, చెన్నైలకు కూలికి పోతారు. ఇంటి దగ్గర అవ్వాతాతలు, పిల్లలు, తండ్రి గొంతు వినడానికని కొన్న ఒక సెల్లు మిగులుతాయి. 2022 డిసెంబరు 21 నుంచి ప్రభుత్వమే బడుల్లో ట్యాబులు పంచింది గనుక తెరను పిల్లల చేతికిచ్చిన నింద తల్లిదండ్రులది మాత్రమే అనలేము. అలాంటి ఇంటి ఆడపిల్లను ఎవడో బెదిరిస్తే ఆమె చెప్పుకోగలిగినది ఎవరికి? చెప్పుకున్నా ఇంటి పెద్దలకు మొదట తోచేది పరువు, తర్వాత తోచేది ఫోను స్టేషనులో పెట్టుకుంటారేమోనన్న భయం. ఈ రెండో భయం నిరాధారమైనది కాదు, పరీక్షకు పంపిన ఫోను ఎప్పుడు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు. పోక్సో చట్టం 24వ సెక్షను పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ళ ఇంట్లోనో, వాళ్ళు కోరిన చోటనో, వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలంటుంది. పేరు బయటికి పొక్కనివ్వరాదని 23వ సెక్షను అంటుంది. ఈ రెండు సెక్షన్లను ఊళ్ళో నలుగురికీ తెలిసేలా చెబితే పరువు భయం సగం తగ్గుతుంది.

విజయనగరానికి ఇలాంటి విషయంలో లెక్క రాయడం కొత్త కాదు. ఆడపిల్లలను డబ్బు పుచ్చుకొని పెళ్ళి చేసే దురాచారం ఎంతగా ఉందో తెలుసుకోవడానికి మహారాజా ఆనందగజపతి పూనికతో, అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారైంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకానికి గురజాడ అప్పారావు ఆంగ్లంలో రాసిన పీఠికలో ఆ సంఖ్యలు ఉన్నాయి. నమోదైనవి 1,034. ఆ పిల్లల్లో ఐదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. మహారాజు మదరాసు శాసన మండలిలో పెట్టిన బిల్లు చట్టం కాలేకపోయింది గాని, ఆ అంకెలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు చట్టం ఉంది, లెక్క లేదు. కంపెనీలు ప్రచురించే నెలవారీ నివేదికలు దేశం మొత్తానికి ఒకే అంకె చెబుతాయి. అందులో విజయనగరం ఎంతో, భోగాపురం ఎంతో ఎవరికీ తెలియదు.

కనుక హోం శాఖ నుంచి కోరుతున్నది మొదట ఆ లెక్కే. అమెరికా కేంద్రం నుంచీ పోర్టల్ నుంచీ జిల్లాకు ఎన్ని ఫిర్యాదులు దిగాయి, ఎన్నింటిపై కేసు కట్టారు, మాధ్యమానికి నోటీసు ఎన్ని గంటల్లో వెళ్ళింది, చిత్రం ఎన్ని గంటల్లో పోయింది, కంపెనీ తనంత తానుగా ఇక్కడి పోలీసులకు ఎన్నిసార్లు చెప్పింది అన్నవి పేర్లేవీ లేకుండా జిల్లావారీగా నెలనెలా ప్రకటించవచ్చు. దీనికి శాసనసభ అక్కర లేదు, డీజీపీ కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ చాలు. చెప్పవలసిన కంపెనీ చెప్పలేదని ఆ అంకెలు చూపిస్తే, పోక్సో చట్టం కింద కేసు పెట్టి 79వ సెక్షను రక్షణ దానికి వర్తించదని వాదించే పని విజయనగరంలోని ప్రత్యేక న్యాయస్థానంలోనే మొదలు కావచ్చు. ప్రతి సర్కిల్‌లో ఇలాంటి కేసులకు ఒక ఇన్‌స్పెక్టర్‌ను పేరు పెట్టి నియమించి, విశాఖ రేంజి డీఐజీ కార్యాలయంలో పిల్లల చిత్రాల ఫైలు మిగతా ఫైళ్ళ కింద పడకుండా రాత్రి వేళ కూడా సంతకం దొరికే ఏర్పాటు చేయాలి. బాధిత పిల్లల ఫోనును నెలల తరబడి ఉంచుకోకుండా, అందులోని సమాచారానికి హ్యాష్‌తో సహా నకలు తీసుకొని తిరిగి ఇచ్చేయాలి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను అలాంటి నకలును ధ్రువపత్రంతో అంగీకరిస్తున్నది. గ్రామ సచివాలయాల్లో జనం మహిళా పోలీసు అని పిలుచుకునే ఉద్యోగికి, ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయురాలికి 3(2)(బి) కింద ఫిర్యాదు రాయడం నేర్పితే, చాలా చిత్రాలు స్టేషను మెట్లు ఎక్కకముందే తొలగిపోతాయి. అయితే తొలగించడంతోనే సరిపెట్టి నేరస్థుణ్ణి వదిలేసే అలవాటు దీని నుంచి పుట్టకూడదు.

వేసవి సెలవుల తర్వాత రాష్ట్రంలో బడులు జూన్ 12న తెరుచుకోవడం ఆనవాయితీ. ఆ రోజుకల్లా భోగాపురం సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పేరు, ఫోను నంబరు, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చన్న ఒక వాక్యం తెలుగులో ప్రతి బడి గోడ మీద ఉండేలా, జూలై మొదటి వారంలో జిల్లా తొలి లెక్క వెలువడేలా ఆదేశించవలసిందిగా హోం మంత్రిగారికి విజ్ఞప్తి.

భోగాపురం, విజయనగరం జిల్లా.